చిన్న ఊళ్లో ఇంక్యుబేషన్: అపోహలు - వాస్తవాలు

అపోహ: హైదరాబాద్‌లో నడిచిన ఇంక్యుబేషన్ ప్రోగ్రాం (కొత్త వ్యాపారాలకు శిక్షణ, సలహా ఇచ్చి నిలబెట్టేది) ఇక్కడా నడుస్తుంది.

వాస్తవం: నేనూ అలాగే అనుకున్నాను. శ్రీకాకుళం జిల్లాలో మా మొదటి బ్యాచ్‌కి అక్కడ చూసొచ్చిన పన్నెండు వారాల ప్రోగ్రాంనే పెట్టేశాం. మార్చిలో మొదలు, మేలో డెమో డే, అంటే ఇన్వెస్టర్ల ముందు ఎవరి వ్యాపారం వాళ్లు చూపించే రోజు. మూడో శనివారానికి పలాస-కాశీబుగ్గ నుంచి ఒక్కరూ రాలేదు. ఫోన్ చేస్తే ఒకావిడ, "మీ క్లాసుకొచ్చేత్తే పిక్కలు ఎవులు కొంటారు బాబూ?" అంది. లోకల్ జీడిపిక్కలు దిగేది ఆ నెలల్లోనే. చేతిలో డబ్బంతా పోసి సరుకు కొనిపెట్టుకునే టైములో మేం పవర్‌పాయింట్ నేర్పుతున్నాం!

ఇప్పుడు జూలైలో మొదలుపెడతాం, అదీ వాళ్ల షెడ్డులోనే. అక్కడ కూర్చుంటేనే అసలు సంగతి తెలిసింది. జీడిపప్పులో డబ్ల్యూ 320 గ్రేడంటే పౌనుకు 300 నుంచి 320 గుండ్లు (విరగని పప్పులు) తూగాలి. కట్టర్ కింద గుండు కాస్తా బద్దయితే రేటు పడిపోతుంది. ఆవిడ అడిగింది యాప్ కాదు. పిక్కల్ని ఎంతసేపు ఉడకబెట్టారో, ఎంతసేపు ఆరబెట్టారో, బద్ద ఎంత తేలిందో రోజూ రాసుకునే పద్ధతి. ఒక నోటుబుక్కుతో సరిపోయింది.

అపోహ: ఇంక్యుబేటర్లు టెక్ కంపెనీలకే.

వాస్తవం: 1959లో అమెరికాలోని బటావియా అనే చిన్న ఊళ్లో, మూతపడ్డ ఫ్యాక్టరీని గదుల లెక్కన అద్దెకిచ్చిన చోట ఈ పేరు పుట్టింది. అద్దెకు దిగినవాళ్లలో ఒకటి కోళ్ల కంపెనీ. గుడ్లు పొదిగే యంత్రాన్నీ ఇంక్యుబేటరే అంటారు కదా, పేరు అందుకే అతుక్కుంది.

అపోహ: ఉత్తరాంధ్ర అంతా ఒకటే లెక్క.

వాస్తవం: విజయనగరం నుంచి విశాఖ అరవై కిలోమీటర్లు. మెంటర్ పొద్దున వచ్చి సాయంత్రానికి ఇంటికెళ్లిపోతాడు. పలాసకైతే రోజంతా ప్రయాణానికే పోతుంది. ఇక పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకేవాళ్లను "పదింతలు ఎలా చేస్తారు?" అని అడిగే ఫారం మన దగ్గరుంటే, చింపేయాల్సింది ఫారాన్నే.

అపోహ: ఫండింగ్ అంటే ఇన్వెస్టరే.

వాస్తవం: మా వాళ్లలో ఎక్కువమందికి పనికొచ్చింది 2020లో వచ్చిన పీఎంఎఫ్ఎంఈ, అంటే చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పథకం. ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, 10 లక్షలు మించకుండా సబ్సిడీ. కానీ అది చేతికి రాదు. బ్యాంకులో పక్కన ఉండి, లోను సరిగ్గా కడితే మూడేళ్లకు అందులో సర్దుబాటవుతుంది. ఈ ముక్క ముందే చెప్పకపోతే తర్వాత మన మీదే అరుస్తారు, న్యాయంగానే.

డెమో డే తీసేశాం. బదులుగా బ్యాంకు మేనేజర్‌ని షెడ్డుకే తీసుకొస్తున్నాం. మొదట వచ్చినాయన రెండు గంటలు కూర్చుని, లెక్కల పుస్తకం మొత్తం తిరగేసి, తెల్ల చొక్కాకి జీడి మరకతో వెళ్లాడు.