ఆడవారిని కించపరిచే పాత మాటలు: అపోహలు - వాస్తవాలు

కందుకూరు, కావలి ప్రాంతాల్లో మాండలిక పదాలు సేకరించే పనిలో ఉన్నందువల్ల, ఆడవారిని తిట్టే పాత మాటల గురించి నన్ను తరచూ అడుగుతుంటారు.

అపోహ: 'ముండ' అనేది మొదటినుంచీ నడవడికను నిందించే తిట్టు.

వాస్తవం: సంస్కృతంలో 'ముండ' అంటే గొరిగిన తల. భర్త పోయిన స్త్రీకి తల గొరిగించే ఆచారం ముఖ్యంగా బ్రాహ్మణ కుటుంబాల్లో ఉండేది కనుక, ఆ మాట వితంతువుకు పేరై, అక్కడినుంచి ఏ స్త్రీనైనా తిట్టడానికి పనికివచ్చే మాటయింది. 'ముండమోసింది' అంటే ఇప్పటికీ భర్తను పోగొట్టుకున్నదనే అర్థం. 1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. 1881 డిసెంబరులో వీరేశలింగం రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. తల గొరిగించే ఆచారం క్రమంగా అంతరించింది గానీ, దాని గుర్తు తిట్టులో మిగిలిపోయింది. 'వెధవ' సంగతి మరీ విచిత్రం. 'విధవ' నుంచి వచ్చిన ఈ మాటతో మనం ఎక్కువగా మగవారినే తిడుతున్నాం. మనవణ్ణి ముద్దుగా 'ఓరి వెధవా' అని పిలిచే తాతగారికి తాను ఏమంటున్నదీ తట్టదు.

అపోహ: 'సాని' పుట్టుకతోనే నీచమైన మాట.

వాస్తవం: ఇది 'స్వామిని' నుంచి వచ్చిన గౌరవవాచకం. దొరసాని, మంత్రసాని అనే మాటల్లో ఆ గౌరవం ఇంకా నిలిచి ఉంది. శాసనాల్లో గుడిసేవ చేసే స్త్రీలను సానులనే పేర్కొన్నారు. ఆ వృత్తిని లోకం చిన్నచూపు చూడడం మొదలైన తరువాతే మాట కూడా దిగజారింది. నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లోనే, 1947లో, దేవదాసీలుగా అంకితం చేయడాన్ని చట్టం నిషేధించింది.

అపోహ: మా వైపు ఆడవారిని 'మే' అని పిలవడం తిట్టుతో సమానం.

వాస్తవం: ఈడువారి మధ్య, చిన్నవారి విషయంలో అది చనువు మాత్రమే. పెద్దవారిని అలా పిలిస్తే తప్పకుండా అమర్యాదే.

అపోహ: ఇటువంటి మాటలను నిఘంటువులనుంచి తీసివేస్తే పీడ పోతుంది.

వాస్తవం: తీసివేస్తే పాత కథ చదివే విద్యార్థికి అర్థం దొరకదు, వాడే నోరు మాత్రం మూతపడదు. అందుకే నా చీటీల్లో ప్రతి మాట పక్కనా పుట్టుకతో పాటు 'నిందార్థకం' అని రాస్తున్నాను. 'గొడ్రాలు' చీటీ మీద ఇంకొక గడి కూడా గీశాను, మగవాడికి సరిసమానమైన మాట కోసం. అది ఇంతవరకు ఖాళీగానే ఉంది.