పాత అమెరికా డాలరు నోట్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: నోటు మీద 1935 అని ఉంది, అంటే అప్పుడే అచ్చయింది, మంచి ధర పలుకుతుంది.

అది సిరీస్ సంవత్సరం, అంటే ఆ డిజైను మొదలైన ఏడాది, అచ్చేసిన తేదీ కాదు. ట్రెజరర్ (ఖజానా అధికారి), ట్రెజరీ సెక్రటరీ (ఆర్థిక మంత్రి)ల్లో ఒకరి సంతకం మారితే పక్కన ఏ, బీ, సీ అంటూ ఒక అక్షరం చేర్చేవారు, అంకె అలాగే ఉండేది. అందుకే 1935 సిరీస్ డాలరు నోట్లు 1960ల మొదట్లో కూడా అచ్చయ్యాయి. బాగా చేతులు మారిన 1935, 1957 సిల్వర్ సర్టిఫికెట్లకు రెండు మూడు డాలర్లొస్తే చాలు. వెండి ఇస్తామన్న హామీతో వచ్చిన ఈ నోట్లకు బదులు వెండి ఇవ్వడం 1968 జూన్ 24తో ఆగిపోయింది.

అపోహ: ముద్ర ఆకుపచ్చది కాకపోతే అరుదైన నోటే.

ముద్ర రంగు చెప్పేది నోటు రకం. 1928 తర్వాతి చిన్న సైజు నోట్లలో నీలం సిల్వర్ సర్టిఫికెట్, ఎరుపు యునైటెడ్ స్టేట్స్ నోటు, ఆకుపచ్చ ఫెడరల్ రిజర్వ్ నోటు. ఎర్ర ముద్ర ఉన్న 1953, 1963 రెండు డాలర్ల నోట్లు కొల్లలు. కానీ ఒక డాలరు నోటు మీద గోధుమ రంగు ముద్ర కనిపిస్తే ఆగి చూడండి. పెర్ల్ హార్బర్ దాడి తర్వాత, హవాయి జపాన్ చేతికి చిక్కితే అక్కడి డబ్బును ఒక్క మాటతో రద్దు చేసేలా 1942లో విడుదల చేసిన నోటు అయ్యుండొచ్చు. సిరీస్ 1935ఏ, ముద్రా సీరియల్ నంబరూ రెండూ గోధుమ రంగే, ముందువైపు రెండు అంచుల్లో నిలువుగా, వెనక పెద్దక్షరాల్లో హవాయి అని ఉంటుంది. ముద్ర నీలంగా ఉండి హవాయి అక్షరాలున్నాయంటే, మామూలు నోటు మీద ఎవరో తర్వాత అచ్చేసిన పనే.

అపోహ: రెండు డాలర్ల నోటు దొరకదు.

1976 సిరీస్‌వే 59 కోట్లకు పైగా అచ్చేశారు. అమెరికా నుంచి వచ్చిన బంధువులు అదృష్టమని ఇచ్చారా, పర్సులో ఉంచుకోండి. ధర మాత్రం రెండు డాలర్లే.

అపోహ: ఉతికి ఇస్త్రీ చేస్తే నోటు కొత్తదవుతుంది, ధర పెరుగుతుంది.

చేజేతులా పాడుచేసుకోవడమంటే ఇదే. చెక్కిన ప్లేటు మీద కాగితాన్ని బలంగా అదిమినప్పుడు గీతలు ముందువైపు ఉబ్బెత్తుగా, వెనక పల్లంగా దిగుతాయి. నీళ్లు, ఇస్త్రీ ఆ ఉబ్బును చదును చేసేస్తాయి. చీకటి గదిలో ఒకే దీపం కింద నోటును దాదాపు అడ్డంగా వంచి చూడండి: ఇస్త్రీతో మాయం చేశామనుకున్న మడత దగ్గర సిరా తెగి సన్నని తెల్ల గీత కనిపిస్తుంది. అతినీలలోహిత టార్చి కింద పాత కాగితం మెరవకుండా మసకగా ఉండాలి. తెల్లగా మెరిసిందంటే డిటర్జెంట్ తగిలినట్టే.

నోటు ఎంత బాగుందో చెప్పే గ్రేడ్ కొలత 70 దాకా. మడత లేనిదానికి 60, ఆపైన. నడిమధ్య ఒక్క మడత పడితే 50-58 మధ్యకు జారుతుంది. నోట్లకు గ్రేడ్ ఇచ్చే సంస్థ పీఎంజీ దగ్గర కాగితం సహజంగా ఉందని తెలిపే ఈపీక్యూ గుర్తు లేకుండా 65 రాదు. ఉతికిన నోటుకు ఆ గుర్తు ఇవ్వరు. మట్టి ఉంటే ఉండనివ్వండి. పీవీసీ కవర్లు కొన్నాళ్లకు జిగురెక్కి నోటుకు అంటుకుంటాయి, మైలార్ (పాలియెస్టర్) కవర్లే వాడండి.

అపోహ: పసుపెక్కి పెళపెళలాడే కాగితమైతే నిజంగా పాతదే.

అసలు పాత నోట్ల కాగితం నూలు, లినెన్ గుడ్డల గుజ్జుతో చేసింది, చేతికి గుడ్డలా మెత్తగా తగులుతుంది. పెళపెళలాడేవి ఎక్కువగా కృత్రిమంగా పాతబరిచిన నకళ్లు. బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ పేరిట 1840 నాటి వెయ్యి డాలర్ల నోటు, నంబరు 8894 చేతికొస్తే భూతద్దం కూడా తీయనక్కర్లేదు. అదే నంబరుతో లెక్కలేనన్ని నకళ్లు తిరుగుతున్నాయి.

అపోహ: ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టిన ధరే విలువ.

అడిగే ధరకు హద్దేముంది? వేలంలో అమ్ముడైన ధరలు చూడండి, అదీ అదే ఫ్రీడ్‌బర్గ్ నంబరు (అమెరికా నోట్ల కేటలాగులో ఒక్కో రకానికి ఇచ్చే నంబరు), అదే గ్రేడ్ ఉన్న నోటువి. గ్రేడ్ చేయించని నోటుకైతే మీరనుకున్న గ్రేడ్ కంటే ఒక మెట్టు కింది ధరే లెక్కేసుకోండి.