కాలేది వాల్వు, కారేది కెపాసిటర్

"నా పాత వాల్వు యాంప్లిఫయర్ పెట్టగానే పది నిమిషాలు హాయిగా పాడుతుంది, తర్వాత గొంతు బొంగురుపోతుంది. అవుట్‌పుట్ వాల్వు మార్చాను. కొన్నాళ్ళకి కొత్తదీ అంతే అయింది. నకిలీ వాల్వులు అంటగట్టారా?" అని ఒక పాఠకుడు అడిగారు.

వాల్వుని, అంటే గాలి తోడేసిన ఆ గాజు గొట్టాన్ని, అనుమానించడం సహజమే. పెట్టెలో కంటికి వెలుగుతూ కనిపించేవి వాల్వులే, కాబట్టి జబ్బు కూడా వాటికే ఉండాలనిపిస్తుంది. పెట్టె మీద ఒక్కటిచ్చుకుంటే పనిచేస్తుందనే నమ్మకం లాంటిదే ఇదీ. (దెబ్బకి నిజంగానే పనిచేస్తే ఎక్కడో టంకం వదులైందని అర్థం. అది మనకి భయపడి కాదు.) నా అనుమానం మాత్రం ఆ వాల్వుకి ముందు, ఒక మూలన వేలాడే మైనం పూసిన కాగితపు కెపాసిటర్ మీద. ముందు దశ నుంచి పాటని అవుట్‌పుట్ వాల్వుకి అందించేది అదే, దాన్ని కప్లింగ్ కెపాసిటర్ అంటారు.

బడిలో "కెపాసిటర్ ఏసీని పంపుతుంది, డీసీని ఆపుతుంది" అని ఎక్కంలా అప్పజెప్పించి వదిలేస్తారు. ఎంత గట్టిగా ఆపుతుంది, ఎన్నేళ్ళు ఆపుతుంది అని ఏ పరీక్షలోనూ అడగరు. పాత ఆడియో సెట్ల రోగాల్లో సగం కథ ఆ అడగని ప్రశ్నలోనే ఉంది.

ఒక గోడ ఊహించుకోండి. అవతల నీళ్ళ తొట్టి, ఇవతల పడకగది. అవతల ఎవరైనా గోడని తడితే ఇవతల చప్పుడు వినిపిస్తుంది, నీళ్ళు మాత్రం రావు. మొదటి దశ వాల్వు ప్లేటు (ఎలక్ట్రాన్లు చేరే చోటు) దగ్గర ఉండే 180 వోల్టుల డీసీ ఆ తొట్టి. పాట ఆ తట్టే చప్పుడు. మనకి చప్పుడు మాత్రమే కావాలి. అయితే ఈ గోడ కట్టింది కాగితంతో. కాగితానికి తేమంటే ప్రాణం. పైన పూసిన మైనం దశాబ్దాల వేడికి, చలికి బీటలు వారితే చెమ్మ లోపలికి దిగుతుంది. గోడకి చిల్లు పడదు, చెమ్మెక్కుతుంది. చప్పుడు యథాప్రకారం వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఎంత చెమ్మెక్కితే ప్రమాదం? ఇక్కడ కాస్త లెక్క తప్పదు. స్పీకర్‌ని నడిపే అవుట్‌పుట్ వాల్వు ఈఎల్84 అనే రకం అనుకుందాం. 250 వోల్టుల దగ్గర దీని ప్లేటు 48 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే 12 వాట్లు. అది భరించగల గరిష్ఠ వేడి కూడా సరిగ్గా 12 వాట్లే, ఊపిరి తిప్పుకోడానికి చోటు లేదు. ఎలక్ట్రాన్లని వదిలే కేథోడ్ కింద 135 ఓముల రెసిస్టర్ మీద 7.3 వోల్టులు నిలుస్తాయి. ఈ రెంటి మధ్యా ఉండి కరెంటుని అదుపు చేసే జాలీ పేరు గ్రిడ్; అది ఎంత నెగెటివ్ అయితే కరెంటు అంత తగ్గుతుంది. గ్రిడ్ సున్నా దగ్గర ఉంటుంది కాబట్టి, కేథోడ్ వైపు నుంచి చూస్తే అది మైనస్ 7.3లో ఉన్నట్టు లెక్క.

ఇప్పుడు కెపాసిటర్ 20 మెగాఓముల రెసిస్టర్‌లా డీసీని కారుస్తోందనుకోండి. గ్రిడ్ నుంచి గ్రౌండ్‌కి 470 కిలోఓముల రెసిస్టర్ ఉంటే, 180 వోల్టుల్లో దాని వాటా నాలుగు వోల్టుల పైచిలుకు. కారిన కరెంటు తొమ్మిది మైక్రో ఆంపియర్లు కూడా లేదు! ఆ కాస్తకే గ్రిడ్ గ్రౌండ్ కంటే పాజిటివ్ అవుతుంది, ప్లేటు కరెంటు 60 మిల్లీ ఆంపియర్లు దాటుతుంది, వేడి 15 వాట్లు దాటుతుంది. కేథోడ్ రెసిస్టర్ మీది వోల్టేజీ కూడా తన వంతు పెరిగి కొంత అడ్డుపడుతుంది కానీ, గ్రిడ్‌కీ కేథోడ్‌కీ మధ్య తేడా ఆరు వోల్టులలోపుకి కుదించుకుపోతుంది. పాట ఊగడానికి చోటు తగ్గింది. ఆ బొంగురు అదే.

మరి మొదటి పది నిమిషాలు ఎందుకు బాగుంది? ఇక్కడ నా గోడ పోలిక చేతులెత్తేస్తుంది. గోడ వేడెక్కితే ఆరుతుంది, కెపాసిటర్ వేడెక్కితే ఇంకా ఎక్కువ కారుతుంది. పక్కనే వాల్వులు దాన్ని వెచ్చబెడుతుంటాయి.

ఆ కెపాసిటర్‌ని విప్పి మల్టీమీటర్‌తో ఓములు కొలిస్తే చాలాసార్లు "బాగానే ఉంది" అంటుంది. మీటర్ దాని మీద పెట్టే వోల్టేజీ ఒకటో రెండో. గోడ మీద గ్లాసుడు నీళ్ళు చల్లి, అవతలికి తడి రాలేదు కాబట్టి గోడ గట్టిదే అన్నట్టు. తొట్టి నిండుగా ఉన్నప్పుడే చూడాలి.

ఎలాగంటే, సెట్ ఆపి, ఫిల్టర్ కెపాసిటర్లలో (డీసీ సరఫరాని చదును చేసే పెద్ద కెపాసిటర్లు) మిగిలిన చార్జిని ఒక రెసిస్టర్ గుండా పోనిచ్చి, మీటర్‌తో సరిచూసుకుని, కప్లింగ్ కెపాసిటర్ గ్రిడ్ వైపు కాలుని ఊడదీయండి. ఆ కాలుకీ గ్రౌండ్‌కీ మధ్య మీటర్‌ని డీసీ వోల్టులలో క్లిప్పులతో తగిలించి సెట్ పెట్టండి. లోపల 300 వోల్టులుంటాయి, చేతులు బయటే ఉంచండి. మంచి కెపాసిటర్ అయితే అంకె ఒక్కసారి ఎగిరి సున్నా దాకా దిగిపోతుంది. ఇందాకటి 20 మెగాఓములదైతే, మీటర్ లోపలి నిరోధం 10 మెగాఓములు కాబట్టి ఏకంగా 60 వోల్టులు చూపిస్తుంది. ఓముల్లో నోరు మెదపని దొంగ ఇక్కడ అరిచి చెబుతాడు.

నాకు ముచ్చటగా అనిపించే మెలిక ఇంకొకటుంది. కాలు ఊడదీశాక కూడా గ్రిడ్ మీద పాజిటివ్ వోల్టేజీ కనిపిస్తే, అప్పుడు తప్పు నిజంగా వాల్వుదే. చాలాసార్లు లోపల కాస్త వాయువు చేరి ఉంటుంది. దాని పాజిటివ్ అయాన్లు నెగెటివ్ గ్రిడ్‌ని వెతుక్కుంటూ వెళ్ళి అక్కడి ఎలక్ట్రాన్లని లాక్కుంటాయి, అదే 470 కిలోఓముల మీద అదే లక్షణం పుడుతుంది. తమాషా ఏమిటంటే, 1906లో ఆడియాన్ అనే తొలినాటి వాల్వుని తయారుచేసిన అమెరికన్ ఆవిష్కర్త లీ డి ఫారెస్ట్, ఆ కాస్త వాయువు లేకపోతే అది పనిచేయదనుకున్నాడు! తర్వాత శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్మ్యూర్ లాంటివాళ్ళు ఉన్నదంతా తోడేశాకే వాల్వు కుదురుగా నడిచింది.

పాఠకుడిగారి సెట్లో కెపాసిటరే కారుతుంటే, అదే విలువ, 400 వోల్టులో అంతకు మించో ఉన్న ఫిల్మ్ (ప్లాస్టిక్ పొర) కెపాసిటర్ వేస్తే సరిపోతుంది. సెట్ స్టీరియో అయితే రెండో చానల్లో దాని జంటనీ మార్చేయండి, అదీ అదే వయసుది. తర్వాత అరగంట వేడెక్కనిచ్చి కేథోడ్ దగ్గర కొలవండి. కారుతున్నప్పుడు పది వోల్టుల దాకా పోయిన అంకె 7.3కి కాస్త అటూ ఇటూగా నిలబడితే మూత బిగించవచ్చు.