గ్రామసభలో చెయ్యెత్తితే ఏమొస్తుంది? అపోహలు - వాస్తవాలు

తిరుపతి చుట్టుపక్కల పంచాయతీల్లో పొదుపు సంఘాల ఆడవాళ్లను, కాలనీవాళ్లను గ్రామసభలకు కదిలించడం నా పని. ఊరికొచ్చే గ్రాంటు ఏ పనికి పెట్టాలో ఊరివాళ్లే సభలో తేల్చాలి. ఆ మాట చెప్పడానికి గడప గడపకూ తిరుగుతుంటే అపోహలే ముందు ఎదురొస్తాయి. రెండు పంచాయతీలో, పంచాయతీ, తిరుపతి నగర కార్పొరేషనో కలిసి చేయాల్సిన పని అయితే మరీ ఎక్కువ. పక్క ఊరి పనికి మనం చెయ్యెత్తడమేంటి అని పెద్దవాళ్లే అడుగుతారు. నేను తరచూ వినే కొన్నింటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అపోహ: ఎక్కువ మంది వస్తే ఊరికి ఎక్కువ డబ్బొస్తుంది

ఈ మాట చెప్పి జనాన్ని పిలిచేవాళ్లు మాలోనూ ఉన్నారు. దయచేసి చెప్పకండి. డబ్బు పెరగలేదని తెలిసిన రోజు ఆ మనిషి మళ్లీ సభకు రాడు.

పంచాయతీలకు కేంద్రం ఎంత ఇవ్వాలో సిఫార్సు చేసే ఆర్థిక సంఘం, సభలో ఎంతమంది కూర్చున్నారో చూసి గ్రాంటు లెక్కగట్టదు. 2021-22 నుంచి 2025-26 వరకు దేశం మొత్తం మీద గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్లు, పట్టణ సంస్థలకు 1,21,055 కోట్లు ఇవ్వాలని 15వ ఆర్థిక సంఘం సిఫార్సు చేసింది. రాష్ట్రాల మధ్య పంపకంలో జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం ప్రాధాన్యం. ఆ జనాభా కూడా 2011 లెక్కల్లోది. అవిలాల, పేరూరు, తుమ్మలగుంట వైపు ఒకసారి వెళ్లి చూడండి. అప్పట్లో పొలాలున్న చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి. నీళ్లు, కాలువలు, చెత్త బండ్లు ఇప్పుడున్న జనానికి సరిపోవాలి. ఆ ఐదేళ్ల డబ్బు లెక్క మాత్రం పాతదే. కొరత ఉంది కాబట్టే ఉన్న డబ్బు ముందు ఎక్కడ పెట్టాలో అందరూ కూర్చుని తేల్చుకోవాలి. మీరు రాకపోయినా ఆ డబ్బు ఖర్చవుతుంది. ఎక్కడ పెట్టాలో మరో నలుగురు రాసేసుకుంటారు.

అపోహ: ఏం అడిగినా పెట్టేస్తారు

2021-22 నుంచి 2025-26 వరకు ఈ గ్రాంటులో 60 శాతాన్ని ఫలానా పనులకే వాడాలని ముందే ముడిపెట్టారు. తాగునీటికి 30, పారిశుధ్యానికి 30. మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చన్నారు, జీతాలకు మాత్రం వాడకూడదన్నారు. ఊరి ముందు ఆర్చి కట్టాలని చేతులన్నీ లేచినా ముడిపెట్టిన డబ్బులోంచి అది రాదు. మురుగునీటి నిర్వహణ పారిశుధ్యం కిందికి వస్తుంది, వాననీటి సేకరణ తాగునీటి కిందికి వస్తుంది. సభకు ముందే ఏ పని ఏ పద్దులో పడుతుందో పంచాయతీ కార్యదర్శిని అడిగి తెలుసుకుంటే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

అపోహ: పక్క పంచాయతీ సంగతి, కార్పొరేషన్ సంగతి మనకెందుకు

దీని గురించి కాస్త ఎక్కువే రాయాలి.

2021 నవంబరు వానలు ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. తిరుమల కొండ మీది నీళ్లు కపిలతీర్థం దగ్గర విరుచుకుపడి ఊళ్లోకి దిగాయి. లక్ష్మీపురం సర్కిల్, ఆటోనగర్ మునిగాయి. తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి ఒడ్డున ఓ ఇల్లు కూలి ఏట్లో పడిపోయిన వీడియో అందరి ఫోన్లలోనూ తిరిగింది. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు గండి పడేలా ఉందని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. కొండ ఒకరి పరిధి, వీధి కార్పొరేషన్ పరిధి, చెరువూ కాలువా పంచాయతీలవి. నీళ్లకు ఆ గీతలేవీ అడ్డం రాలేదు.

చెత్త సంగతీ అంతే. తిరుపతి నగరంలో ఎత్తిన చెత్త రేణిగుంట మండలం తూకివాకం దాకా వెళ్తుంది. నగరవాసి పడేసిన కవరు ఓ పల్లె పొలిమేరలో తేలుతోందంటే, తడి పొడి చెత్త వేరుచేయడం ఆ పల్లె గొడవ మాత్రమే ఎలా అవుతుంది?

కలిసి పనిచేయడానికి దారి చట్టంలోనే ఉంది. పక్క స్థానిక సంస్థతో కలిసి జాయింట్ కమిటీ వేసుకునే వీలు పంచాయతీరాజ్ చట్టం ఇచ్చింది. రాజ్యాంగంలోని 243జెడ్‌డీ అధికరణ ప్రకారం జిల్లా ప్రణాళికా కమిటీ పంచాయతీల ప్లాన్లను, మున్సిపాలిటీల ప్లాన్లను ఒకచోటికి తెచ్చేటప్పుడు నీటి పంపకంతో సహా వాళ్ల ఉమ్మడి అవసరాలను చూడాలి. మున్సిపాలిటీల ఉమ్మడి సేవల కోసమే 15వ ఆర్థిక సంఘం విడిగా 450 కోట్లు కేటాయించింది. మొత్తం గ్రాంటులో అది పిసరంతే అయినా కలిసి చేసే పనికంటూ ఒక పద్దు తెరవడం నాకు మంచి సూచనగా అనిపించింది.

ఇక మా పద్ధతి. సభకు ముందు రెండు ఊళ్ల ఆడవాళ్లను తీసుకుని కాలువ వెంట నడుస్తాం. ఒకచోట, రెండు పంచాయతీల హద్దు దగ్గర, ఆరడుగుల కాలువ ఒక్కసారిగా రెండడుగుల తూములోకి దూరుతోంది. తూము నోట్లో పాల ప్యాకెట్లు, కొబ్బరి మట్టలు, ఓ చిరిగిన పరుపు. పై ఊరివాళ్లు ‘కింద వాళ్లు పూడ్చేశారు’ అంటారు, కింది ఊరివాళ్లు ‘పై నుంచే కొట్టుకొస్తోంది’ అంటారు. ఆ తూము ముందు ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే, ఎవరి తప్పు అన్న వాదన ఆగి ఎంత వెడల్పు కావాలన్న మాట మొదలవుతుంది. ఫోటోలు తీసుకుంటాం, టేపు పెట్టి కొలతలు రాసుకుంటాం. ఆ కాగితం రెండు సభల్లోనూ చదువుతాం.

తీర్మానం రెండు చోట్లా ఒకే మాటల్లో ఉండాలి. ఎక్కడి నుంచి ఎక్కడి వరకు, సర్వే నంబర్లేంటి, ఎవరి వాటా ఎంత అన్నది స్పష్టంగా రాయాలి. ఒక ఊరు ‘సీసీ డ్రైన్’ అని, రెండో ఊరు ‘పూడికతీత’ అని రాసిందా, ఎస్టిమేట్ వేసే ఇంజనీరు ఆ ఫైలు పక్కన పెట్టేస్తాడు. ఆయన్ను తప్పు పట్టలేం. కాగితం ప్రకారం అవి రెండు వేర్వేరు పనులు.

‘కార్పొరేషన్‌లో కలిపేస్తారంట కదా, అప్పుడే చూసుకుందాం’ అని కొందరు వాయిదా వేస్తారు. ఆ చర్చ ఎప్పటినుంచో నడుస్తోంది. వాన దానికోసం ఆగదు.

అపోహ: రిజిస్టరులో సంతకం పెడితే ఓటేసినట్టే

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. సభ మొదలు కాకముందే మినిట్స్ బుక్కు, అంటే తీర్మానాలు రాసే రిజిస్టరు, వరసల్లో తిరుగుతుంది. పైన ఖాళీ, కింద సంతకాలు. ‘సంతకం పెట్టేసినాం గదక్కా, ఇంక పోయొస్తాం’ అని లేచిపోతారు. ఆ తర్వాత పై ఖాళీలో ఏం రాసినా అందరూ ఒప్పుకున్నట్టే లెక్క.

మేం నేర్పేది ఒక్కటే వరస. పనుల జాబితా గట్టిగా చదవాలి, ఒక్కో పనికి చేతులెత్తించి లెక్కపెట్టాలి, తీర్మానం రాయాలి, రాసింది మళ్లీ చదవాలి, అప్పుడే సంతకం. చివర్లో ఆ పేజీ ఫోటో సంఘం లీడరు ఫోన్లో ఉండాలి. ‘ఖాళీ పేజీ మీద పెట్టను సార్, రాసినాక పెడతా’ అని ఒక్కామె గట్టిగా అంటే చాలు, వెనక కూర్చున్న పదిమందీ పెన్ను కింద పెట్టేస్తారు. ఇది చాలాచోట్ల కళ్లారా చూశాను.

అపోహ: ఊళ్లో ఉండేవాళ్లందరూ గ్రామసభ సభ్యులే

కాదు. ఆ పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్నవాళ్లే సభ్యులు. తిరుపతి రూరల్‌లో అద్దెకుంటూ, ఓటు మాత్రం సొంతూరిలో ఉంచుకున్నవాళ్లు వీధికి సగం మంది కనిపిస్తారు. నీళ్లు రావట్లేదని తిట్టుకునేవాళ్లలో వాళ్లే ఎక్కువ. ఇక్కడే ఉండిపోయే ఉద్దేశముంటే ఓటు ఇక్కడికి మార్చుకోండి.

అపోహ: సర్పంచ్ ఎన్నికలు వేరు, గ్రాంటు వేరు

మన రాష్ట్రమే దీనికి జవాబు. 2018 ఆగస్టులో పాత పాలకవర్గాల గడువు తీరింది. ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో గానీ జరగలేదు. ఎన్నికైన పాలకవర్గం లేదన్న కారణంతో ఆ మధ్యలో పంచాయతీలకు రావాల్సిన కేంద్ర నిధులు ఆగిపోయాయి. ఎన్నిక సకాలంలో జరగాలని అడగడం కూడా నిధులు అడగడమే.

అపోహ: ఫోన్లు తీసుకుని మనమే నొక్కేస్తే పని సులువు

ఇది నగరాల శుభ్రతకు కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ రోజుల్లో వినిపిస్తుంది. మన ఊరి శుభ్రతపై ప్రజల అభిప్రాయానికి అందులో మార్కులున్నాయి. 2023 సర్వేలో లక్షకు పైగా జనాభా ఉన్న నగరాల్లో తిరుపతికి దేశంలో 8వ ర్యాంకు వచ్చింది. అలాంటి పేరు నిలబెట్టాలనే ఉత్సాహంలో కొందరు సంఘం మీటింగులో ఫోన్లన్నీ కుప్పపోసి, ఓటీపీలు అడిగి, తామే జవాబులు నింపేస్తారు.

ఎవరికీ ఓటీపీ చెప్పొద్దని ఒక పక్క మేమే చెబుతాం. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని నంబరు గోడల మీద రాయిస్తాం. అదే ఆడవాళ్లను మళ్లీ మేమే ఓటీపీ అడిగితే, రేపు మోసగాడు అడిగినప్పుడు కూడా చెప్పేస్తారు. ప్రశ్న తెలుగులో చదివి వినిపించండి, వాళ్ల వేలితో వాళ్లనే నొక్కనివ్వండి. చెత్త బండి రావట్లేదని నొక్కితే నొక్కనివ్వండి. ఆ జవాబు దాస్తే ఆ వీధికి బండి ఎప్పటికీ రాదు.

అపోహ: జనానికి ఆసక్తి లేదు

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. ముందుగా చెప్పి, అందరికీ తెలిసేలా పిలిస్తే జనం వస్తారని ఆ రోజు తెలిసింది. మామూలు రోజుల్లో ఉదయం పదిన్నరకు సభ పెడతారు, దండోరా ముందురోజు రాత్రి వేస్తారు. కూలికి పోయే మనిషి ఆ పూట కూలి వదులుకుని ఎలా వస్తుంది? సాయంత్రం పెట్టమని అడగండి. గ్రామసభకు ముందు మహిళా సభ జరిగేలా చూడండి. మగవాళ్ల ముందు నోరు విప్పని ఆడవాళ్లు అక్కడ తూము కొలతతో సహా చెబుతారు.

అపోహ: తీర్మానం అయితే పని అయినట్టే

అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. తీర్మానం గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలోకి ఎక్కాలి, ఆ ప్రణాళిక పంచాయతీల పనులు, ఖర్చులు చూపే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లోకి ఎక్కాలి. 2020 ఏప్రిల్ 24న మొదలైన ఆ పోర్టల్‌ను ఎవరైనా చూడొచ్చు, లాగిన్ అక్కర్లేదు. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ, సంవత్సరం ఎంచుకుంటే పనుల జాబితా, ఖర్చు కనిపిస్తాయి. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే పది నిమిషాల్లో తీసిపెడతారు. ఉమ్మడి పనైతే రెండు పంచాయతీల జాబితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేకపోతే, ఆ రెండో ఊరి కార్యదర్శి దగ్గరికి తీర్మానం ఫోటో పట్టుకుని రెండు ఊళ్లవాళ్లూ కలిసి వెళ్లండి. ప్లాన్ ఖరారు కాకముందే వెళ్లాలి, అయ్యాక వెళ్తే మళ్లీ ఏడాది దాకా ఆగమంటారు.