నీటిలో కాళ్ల బరువెంత?

నెల్లూరు దగ్గరి మైపాడులోనో, ఒంగోలు దగ్గరి కొత్తపట్నంలోనో సముద్రంలో మెడలోతు నీళ్లలో నిలబడినవారికి తెలుసు, ఒంటి బరువు అక్కడ దాదాపు తెలియదు. లెక్క చూద్దాం. 60 కిలోల మనిషి పూర్తిగా మునిగితే దాదాపు 60 లీటర్ల నీటిని పక్కకు నెడతాడు. సముద్రపు నీరు లీటరు 1.025 కిలోలు తూగుతుంది కనుక, అతన్ని పైకి నెట్టే బలం 61.5 కిలోలు. సముద్రం అతని బరువంతా మోసి, ఇంకా పైకే తోస్తుందన్నమాట. స్కూబా డైవర్లు, అంటే వీపున గాలి సిలిండర్‌తో నీటి అడుగుకు దిగేవారు, నడుముకు సీసం బరువులు కట్టుకునేది అందుకే. మోయాల్సిన బరువే లేనప్పుడు, మోయలేని కాళ్లను లోపంగా ఎలా లెక్కిస్తాం? పోలియో వచ్చినవారు, వెన్నుపాము దెబ్బతిన్నవారు, కాలు పోగొట్టుకున్నవారు డైవింగ్‌కు పనికిరారనడం నేల మీది లెక్కను నీటికి అంటగట్టడమే.

నీటి అడుగున మనిషిని లేపేదీ దించేదీ ఊపిరి. సిలిండర్‌లో ఉండేది, చాలామంది అనుకునేట్టు ఆక్సిజన్ కాదు. మనం పీల్చే మామూలు గాలినే దాదాపు 200 రెట్ల ఒత్తిడితో నింపుతారు. బరువులు సరిగ్గా కుదిరిన డైవర్ అర లీటరు గాలి ఎక్కువ పీలిస్తే అర కిలో తేలికై నిదానంగా లేస్తాడు, వదిలితే దిగుతాడు. కాళ్లతో ఈదలేనివారు బాతు కాళ్లలా వేళ్ల మధ్య పొర ఉన్న చేతి తొడుగులు వేసుకుంటారు.

పోలియోతో కండ కరిగిన కాలు తేలికగా ఉంటుంది. పైగా చలి ఆపడానికి ఒంటికి తొడుక్కునే వెట్‌సూట్ రబ్బరు నిండా గాలి బుడగలే. దాంతో కాళ్లు పైకి లేచి తల కిందికి వాలుతుంది. శిక్షకుడు చీలమండకు అర కిలో సీసం కట్టి చూస్తాడు, పిక్క దగ్గరికి జరిపి మళ్లీ చూస్తాడు. ఒక కాలు బక్కది, రెండోది బాగున్నదైతే రెండింటికీ ఒకే బరువు కుదరదు. ఈ సర్దుబాటుకు ఎంతసేపు పట్టినా తొందరపడకూడదు.

నాకు నిజంగా భయం కలిగించేది కదలని కాలు కాదు, కబురు పంపని కాలు. వెన్నుపాము తెగిన చోటికి దిగువన చర్మానికి స్పర్శ ఉండదు. రాయి గీసుకుపోయినా, పడవ అంచు ఒరుసుకున్నా తెలియదు; ఆ పుండు ఒక పట్టాన మానదు. గాలితో పోలిస్తే నీరు ఒంటి వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. ఆ భాగం వణికి వేడి పుట్టించుకోలేదు కాబట్టి మన వెచ్చని బంగాళాఖాతంలోనూ సూట్ ఉండాల్సిందే. మునిగినప్పుడు నీటి ఒత్తిడికి కాళ్లలోని రక్తం ఛాతీ వైపు చేరుతుంది, మూత్రం ఎక్కువగా తయారవుతుంది. ఛాతీ భాగపు ఆరో వెన్నుపూస దగ్గరో, దానికి పైనో దెబ్బ తగిలినవారిలో, నిండిన మూత్రాశయం రక్తపోటును ప్రాణాపాయం దాకా పెంచగలదు. అందుకే దిగే ముందే మూత్రాశయం ఖాళీ చేయాలి. మూత్రం బయటికి తీసే గొట్టాన్ని (క్యాథెటర్) లోపల జారకుండా పట్టే బెలూన్‌లో గాలి ఉండకూడదు, నీరే ఉండాలి: 10 మీటర్ల లోతులో గాలి సగానికి కుంచించుకుపోయి బెలూన్ జారిపోవచ్చు.

ఇంకో చిక్కుంది. వేగంగా పైకొస్తే ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టి వెన్నుపామును దెబ్బతీయవచ్చు. తిమ్మిరి, కాళ్ల నిస్సత్తువ దాని లక్షణాలు. అవి ముందునుంచే ఉన్న మనిషిలో కొత్త దెబ్బను పట్టుకోవడం కష్టం. కాబట్టి ముందే నరాల పరీక్ష చేయించి కాగితం మీద పెట్టుకోవాలి. తక్కువ లోతుకు, తక్కువ సేపే దిగాలి.

అమెరికాలో 1981లో మొదలైన హ్యాండీక్యాప్డ్ స్కూబా అసోసియేషన్ పద్ధతి నాకు ఎంతో నచ్చుతుంది. వైకల్యం పేరేమిటన్నది వారు పెద్దగా పట్టించుకోరు. నీటిలో ఏం చేయగలరన్నదే చూస్తారు. తమతో దిగే జోడీ డైవర్‌ను కూడా ఆదుకోగలిగినవారు ఒక్కరితో కలిసి దిగవచ్చు. అది చేయలేనివారి వెంట ఇద్దరుండాలి. ఆపదలో తమను తామూ కాపాడుకోలేనివారికైతే, ఆ ఇద్దరిలో ఒకరు రక్షణ శిక్షణ పొంది ఉండాలి.

మన ప్రాంతపు వైకల్యం ఒకటుంది. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించిన ఫ్లోరోసిస్ (తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు, కీళ్లు బిగిసే జబ్బు), దర్శి, పొదిలి, కనిగిరి పల్లెల్లో తరాల నడుములు వంచింది. కీళ్లు బిగిసినవారికి నీరు హాయినిస్తుంది. కానీ వ్యాధి ముదిరితే పక్కటెముకల కీళ్లూ బిగిసి ఛాతీ విప్పారదు. ఊపిరితోనే లేచి దిగే విద్యలో అది పెద్ద అడ్డంకి. అలాంటివారు వైద్యుడు సరేనంటే ఛాతీలోతు కొలనుతో ఆగడమే మంచిది.

పెన్న ఒండ్రు, అలలు కలిపి కలచే మన తీరపు నీటిలో చూపు ఆనదు. చక్రాల కుర్చీ ఇసుకలో సాగదు. సముద్రంలో డైవింగ్‌కు దిగాలంటే విశాఖ రుషికొండ లాంటి చోటికి వెళ్లాల్సిందే. కానీ ఎక్కడైనా మొదటి పాఠాలు చెప్పేది కొలనులోనే: ముక్కు మూసి చెవుల ఒత్తిడి సర్దుకోవడం, మాస్కులో చేరిన నీటిని ఊపిరితో వెళ్లగొట్టడం, బరువులు కుదుర్చుకోవడం. నెల్లూరు, ఒంగోలు ఈత కొలనుల్లో మెట్ల పక్కన ఏటవాలు దారి, బట్టలు మార్చుకునే గదికి చక్రాల కుర్చీ పట్టే తలుపు ఉంటే, ఈ పాఠాలన్నీ ఇక్కడే మొదలుపెట్టవచ్చు.