సూర్యుడు కొవ్వూరు వైపు దిగాక

రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్ల మీద సాయంత్రం పూట చూడండి. సూర్యుడు అవతల కొవ్వూరు ఒడ్డు చెట్లలోకి దిగేదాకా అందరి ఫోన్లూ పైకి లేచే ఉంటాయి. బింబం కనుమరుగవగానే అన్నీ జేబుల్లోకి వెళ్లిపోతాయి. నాకు మనసు ఉసూరుమంటుంది. మంచి ఫొటోకి వేళయ్యేది అప్పుడే మరి.

రాజరాజ నరేంద్రుడు ఏలిన ఈ ఊరు గోదావరికి తూర్పు గట్టున ఉంది. అందుకే పడమటి ఆకాశమంతా నీటి మీద పరుచుకుంటుంది. దిగువన ధవళేశ్వరం బ్యారేజీ నీటిని నిలబెట్టడంతో ఊరి ముందు నది వెడల్పుగా, నిదానంగా ఉంటుంది. పైగా 1900 నాటి హేవ్‌లాక్ వంతెన, 1974 నాటి రోడ్డు-రైలు వంతెన, 1997లో వచ్చిన ఆర్చ్ బ్రిడ్జి ఉండనే ఉన్నాయి. నదికి ఎదురుగా నిలబడితే డిసెంబర్‌లో సూర్యుడు బాగా ఎడమకు, జూన్‌లో బాగా కుడికి దిగుతాడు. ఆ రెండు చోట్లకీ మధ్య తేడా దాదాపు 50 డిగ్రీలు. ఒకే మెట్టు మీద కూర్చున్నా ఏడాది పొడవునా ఫొటో మారుతూనే ఉంటుంది.

ఎరుపు సంగతి చాలామందికి తెలిసిందే. నడినెత్తిన ఉన్నప్పటితో పోలిస్తే, అస్తమించే సూర్యుడి వెలుగు సుమారు 38 రెట్లు ఎక్కువ గాలిని దాటి రావాలి. దారిలో నీలం చెదిరిపోతుంది, ఎరుపు మిగులుతుంది. ఇంకో వింత ఉంది. దిగంతం దగ్గర వాతావరణం వెలుగును అర డిగ్రీకి కాస్త పైగా వంచుతుంది. సూర్యబింబం వెడల్పూ ఇంచుమించు అంతే. అంటే బింబం అడుగు అంచు దిగంతాన్ని తాకినట్టు మనకు కనిపించే వేళకే అసలు సూర్యుడు కిందికి దిగిపోయాడన్నమాట!

ఆ తర్వాత చీకటి పడటానికి ఇక్కడ ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది. పది కిలోమీటర్ల ఎత్తున ఉన్న పల్చటి మబ్బులకు సూర్యుడు ఇంకా కనిపిస్తూనే ఉంటాడు. పది పన్నెండు నిమిషాల పాటు అవి కింది నుంచి వెలిగి గులాబీ రంగు పోసుకుంటాయి. ఒక వాన పడి గాలిలో దుమ్ము అణిగిన సాయంత్రమైతే ఆ రంగులు ఇంకా తేటగా ఉంటాయి.

తర్వాత నెత్తిమీద ఆకాశం ముదురు నీలానికి తిరుగుతుంది. ఆ నీలం నాకు ప్రాణం. పగటి నీలానికి కారణమైన ఆ చెదరడమే దీనికీ కారణమని చాలాకాలం అనుకున్నాను. కాదు. వెలుగు అంత దూరం ఏటవాలుగా వచ్చేసరికి నీలం చాలావరకు చెదిరిపోవాలి, ఆకాశం పసుపుగానో బూడిదగానో కనిపించాలి. కాపాడేది ఓజోన్. అది వెలుగులోని పసుపు, నారింజ రంగుల్ని కొంత పీల్చేస్తుంది. సంధ్యవేళ వెలుగు ఓజోన్ పొరలో చాలా దూరం ప్రయాణిస్తుంది కాబట్టి ఆ ప్రభావం బాగా పెరుగుతుంది. 1953లో హల్బర్ట్ అనే శాస్త్రవేత్త ఈ లెక్క తేల్చాడు. మన చర్మాన్ని అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడే ఆ పొరే గోదావరి మీద ఈ నీలాన్నీ పరుస్తోంది.

తీసేటప్పుడు వీలైతే ఆఖరి మెట్టు దాకా దిగండి. నీటిని నిటారుగా చూస్తే అది నూటికి రెండు వంతుల వెలుగునే తిరిగి పంపుతుంది. చూపు ఏటవాలయ్యే కొద్దీ అద్దంలా మారిపోతుంది. అందుకే ఫోన్ నీటికి దగ్గరగా పెడితే నదిలో ఆకాశం ఎక్కువ దొరుకుతుంది. తెర మీద ఆకాశం దగ్గర వేలు పెట్టి వెలుగు కాస్త తగ్గించండి, లేకపోతే రంగులు తెల్లబారిపోతాయి. వైట్ బ్యాలెన్స్‌ని, అంటే ఫోన్ రంగుల్ని సరిచేసే అమరికని, ఆటోలో వదలకండి. సాయంత్రపు నారింజ రంగును ఫోన్ తప్పనుకుని సరిచేసేస్తుంది.

ఒక కార్తీక సాయంత్రం నేను అలాగే ఫోన్‌ని మెట్టుకు ఆనించి కూర్చున్నాను. పక్కన ఒక పెద్దావిడ దొప్పలో దీపం పెట్టి, నీటిని అరచేత్తో మెల్లగా నెట్టింది. దొప్ప జానెడు దూరం వెళ్లి ఆగింది. దీపం వెలుగు ఆవిడ గాజుల మీద నారింజ రంగులో పడింది, చుట్టూ నీళ్లు మాత్రం పూర్తిగా నీలం. అప్పటికి సూర్యుడు దిగిపోయి పావుగంట దాటింది.