‘వ్యాధికారకం’ సరే, ఎవరికి?

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూతో కోళ్లు చచ్చిపోతున్నాయని వార్తలొచ్చినప్పుడు, విశాఖలో మా వీధి చివర చికెన్ షాపు ఆదివారం పూట కూడా ఈగలు తోలుకుంటోంది. షాపతను నన్ను ఆపి ఫోన్ చూపించాడు. "మేస్టారూ, హైలీ పాథోజెనిక్ అని రాసేరు. అంటే తగిల్తే పోడమేనేటండి?"

బాగా ఉడికిన కూరలో ఆ వైరస్ బతకదని చెప్పి వచ్చేశాను. కానీ అతను అడిగింది కూర గురించి కాదు, మాట గురించి.

‘పాథోస్’ అంటే గ్రీకులో బాధ, అనుభవించేది. రెండో ముక్క ‘జెన్’, మన ‘జన’ ఒకే తల్లి బిడ్డలు. తమాషా ఏమిటంటే, పాత గ్రీకులో ఆ ప్రత్యయానికి ఎక్కువగా ‘ఫలానా దాన్నుంచి పుట్టిన’ అని అర్థం, మన పంకజంలో ‘జ’ లాగా. 18వ శతాబ్దంలో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లవోయిజర్ ‘ఆమ్లాన్ని పుట్టించేది’ అనే ఉద్దేశంతో ఆక్సిజన్ అని పేరు పెట్టాడు. అలా ‘జ’ కాస్తా ‘జనక’ అయింది. మన ఆమ్లజని, ఉదజని, నత్రజని ఆ వరసలోవే. 19వ శతాబ్దంలో వచ్చిన పాథోజెనిక్ కూడా అంతే: రోగజం కాదు, రోగజనకం.

అంతకు ముందు ఇంగ్లిషు వైద్యుల మాట ‘మార్బిఫిక్’, అంటే రోగం తెచ్చేది. శరీరం మార్బిఫిక్ పదార్థాన్ని బయటికి నెట్టేయడానికి పడే పాటే రోగం అన్నాడు 17వ శతాబ్దంలో సిడెన్‌హామ్. ఆ పదార్థాన్ని చూసినవాడు లేడు. చిత్తడి నేలల ఆవిరి అన్నారు, చెడ్డ గాలి అన్నారు. మలేరియా అంటే చెడ్డ గాలే. నవ్వకండి, ‘గాలి సోకింది’ అని తాయెత్తు కట్టిన ఇళ్లలోనే మనమూ పెరిగాం. ఆ ‘సోకడం’ ఇంకా పోలేదు, కరోనా కూడా మనకు సోకింది!

జర్మన్ వైద్యుడు కోక్ రోగాలు తెచ్చే సూక్ష్మజీవుల్ని పట్టి చూపించాక మాట వాటికి అతుక్కుపోయింది. సూక్ష్మజీవి ఒక్కటే రోగం తెస్తుందంటే ఒప్పుకోని జర్మన్ ఆరోగ్య శాస్త్రవేత్త పెట్టెన్‌కోఫర్ 1892లో, 73 ఏళ్ల వయసులో, కలరా బాక్టీరియా పెంచిన ద్రవాన్ని సాక్షుల ముందు గటగటా తాగేశాడు. విరేచనాలతో సరిపోయింది. ఆయన వాదం తప్పే. కానీ ఆ బాక్టీరియా ఆయన కడుపులో ఎంత వ్యాధికారకం?

ఇక కోడి దగ్గరికి వద్దాం. ఫ్లూ వైరస్ ఒంటి మీద హీమగ్లుటినిన్ అనే ప్రోటీన్ ముళ్లుంటాయి. ప్రతి ముల్లునీ ఒకచోట ఎవరో కోయాలి. కోస్తేనే లోపలి కొస బయటపడి కణం పొరలోకి గుచ్చుకుంటుంది. కోయకపోతే వైరస్ ఉన్నా లేనట్టే. బీచ్ రోడ్డులో ఎండాకాలం అమ్మే తాటికాయ లాంటిది. చేతిలో కాయ ఉన్నంత మాత్రాన ముంజ నోట్లోకి రాదు, కత్తి పట్టిన మనిషి కావాలి. మామూలు రకం వైరస్‌కి కత్తి పట్టే ఎంజైములు కోడి ఊపిరి దారిలో, పేగుల్లో మాత్రమే దొరుకుతాయి. అక్కడే తిరిగి, కాస్త జబ్బు చేసి పోతుంది. ‘హైలీ పాథోజెనిక్’ రకం అరటిపండు. ఫ్యూరిన్ అనే ఎంజైము దాదాపు ప్రతి కణంలో ఉంటుంది, అదే ఒలిచేస్తుంది. గుండె, మెదడు, మూత్రపిండాలు, అన్నీ దానికి దారులే. పోలిక ఒక్కచోట బెడుస్తుంది: ఇక్కడ ఒలిచినవాడినే పండు మింగేస్తుంది.

తాటికాయ అరటిపండు ఎలా అయింది? వైరస్ జన్యువుల రాత ఆర్ఎన్ఏ. అందులో కోత పడేచోటును రాసిన భాగంలో ఏ, జీ అక్షరాలు వరసగా ఉంటాయి. నకలు తీసే ఎంజైము అక్కడ నత్తి కొట్టి అవే అక్షరాలు ఇంకొన్ని చేరుస్తుంది. మూడేసి అక్షరాలు కలిస్తే ప్రోటీన్ దండలో ఒక పూస, అంటే ఒక అమైనో ఆమ్లం: ఏఏఏ, ఏఏజీ అంటే లైసిన్. ఏజీఏ, ఏజీజీ అంటే ఆర్జినిన్. ఫ్యూరిన్ వెతికేది సరిగ్గా ఆ రెంటినే. హీమగ్లుటినిన్ రకాల్లో ఇది హెచ్5, హెచ్7లలోనే జరుగుతూ వచ్చింది.

మరి ‘హైలీ’ అని తేల్చేది ఎవరు? పది కోడిపిల్లలు. ఆరు వారాలవి. నరంలోకి వైరస్ ఎక్కించి పది రోజులు, రోజూ మార్కులు వేస్తారు: బాగుంటే 0, జబ్బు పడితే 1, బాగా ముదిరితే 2, చస్తే 3. చచ్చినదానికి మిగిలిన రోజులన్నీ 3 పడుతూనే ఉంటాయి. సగటు 1.2 దాటితే ముద్ర పడినట్టే. ఆ లెక్కలో మనిషి ఎక్కడా లేడు.

అందుకని నిశ్చింతగా ఉండమనడం లేదు. హెచ్5ఎన్1 అనే ‘హైలీ’ రకం బర్డ్ ఫ్లూ మనుషులకు అరుదుగానే సోకింది గానీ, సోకినట్టు నమోదైనవాళ్లలో దాదాపు సగం మంది పోయారు. 2013లో చైనాలో బయటపడ్డ హెచ్7ఎన్9 ఇంకా విచిత్రం. కోళ్ల లెక్కలో అది ‘లో పాథోజెనిక్’. తర్వాతి కొన్నేళ్లలో 1,500 మందికి పైగా సోకి, 600 మందికి పైగా పోయారు. సంతలో కోళ్లు మాత్రం శుభ్రంగా గింజలు ఏరుకుంటూనే ఉన్నాయి.

ఇదంతా షాపతనికి మర్నాడు చెప్పాను. "మరి కోడి బాగానే ఉంటే ఎలా తెలుస్తాదండి?" అన్నాడు. గొంతులో దూదిపుల్ల తిప్పి, ల్యాబుకు పంపి, కరోనాకి చేసినట్టే పీసీఆర్ చేస్తారని చెప్పాను.